మీటరు మీద అంటించిన కాగితం

ఆ మీటరు ముల్లు చచ్చిపోయి ఆరేళ్ళయింది. గది హీటర్లు తయారుచేసే షెడ్డులో టెస్టింగు బల్ల మీద రెండు మీటర్లుంటాయి, ఎడమ పక్కది వోల్టులకి, కుడి పక్కది ఆంపియర్లకి. ఎడమ దాని ముల్లు ఒకనాడు నూట అరవై దగ్గర ఆగి ఇక కదలనంది. అప్పట్లో ఆ బల్ల దగ్గర కూర్చునే పాత టెస్టరు ఒక కాగితం ముక్క మీద 230 అని రాసి, జిగురు పూసి, మీటరు అద్దం మీద అంటించేశాడు. "మన గోడలోంచి వచ్చేది ఎప్పుడూ ఇంతే, దీనికో మీటరెందుకు" అన్నాడు. ఆయన పని మానేసి వెళ్ళిపోయాడు, కాగితం మిగిలింది. తర్వాత టెస్టింగు పుస్తకాలు అచ్చు వేయించినప్పుడు వోల్టుల గడిలో 230 అని అచ్చులోనే వేయించేశారు. రాసే శ్రమ కూడా తప్పింది.

లెక్కలమ్మ ఆ బల్ల దగ్గరికొచ్చి నాలుగేళ్ళు. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఆంపియర్ల ముల్లు చూసిందంటే పెన్సిలు ముట్టకుండా లెక్క చెప్పేస్తుంది. వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు, అంటే హీటరు పవరు. భాగిస్తే ఓములు, అంటే తీగ కరెంటుకి పెట్టే అడ్డు. ముల్లు ఎనిమిది పాయింటు ఏడు దగ్గర నిలబడితే రెండు వేల వాట్లు, ఇరవై ఆరున్నర ఓములు. గది హీటరు బాగున్నట్టే. పుస్తకంలో రాసి సంతకం పెట్టడమే తరువాయి.

ఆ షెడ్డులో ఇంకో ఆనవాయితీ ఉంది. రోజూ పొద్దున్నే మొదట చుట్టిన కడ్డీని బల్ల మీద పెట్టి చూడాలి. పవరు తక్కువ చూపిస్తే పింగాణీ కడ్డీ మీది తీగని కొన్ని చుట్లు విప్పి కత్తిరించాలి. తీగ తగ్గితే అడ్డు తగ్గుతుంది, అడ్డు తగ్గితే కరెంటు ఎక్కువ లాగుతుంది. సరిగ్గా రెండు వేలు పలికాక, ఆ చుట్ల సంఖ్య ఒక చీటీ మీద రాసి వైండింగుకి పంపాలి. ఆ రోజంతా అక్కడ అన్నేసి చుట్లే చుడతారు.

వైండింగులో ఉండేది చుట్టలత్త. తీగ చుట్టే మనిషి కాబట్టి ఆ పేరు. జన్మలో ఆవిడ చుట్ట కాల్చలేదు గాని, కొత్తగా పనిలో చేరినవాడల్లా ఆవిడ దగ్గరికెళ్ళి అగ్గిపెట్టుందా అని అడుగుతాడు. ఆవిడ తలెత్తదు. చూపుడు వేలికి గుడ్డపేలిక చుట్టుకుని, కాలితో పెడలు తొక్కుతూ, తీగని వేళ్ళ మధ్యనించి జారనిస్తుంది. చదువు రాదు, అంకెలొచ్చు. చీటీలో అంకె ఎంతుంటే అంత.

మంగళవారం పదకొండు హీటర్లు వెనక్కొచ్చాయి. ప్లగ్గులు మాడాయి, ప్లగ్గు నుంచి హీటరుకొచ్చే వైరు, అదే కార్డు, దాని మీది ప్లాస్టిక్కు కరిగి కారింది. ఒక ఇంట్లో ప్లగ్గు ఊడబీకబోయిన ముసలావిడకి అరచెయ్యి కాలిందట. సూపర్‌వైజరు వాటిని నేల మీద వరసగా పెట్టించి, ఒకదాని కడ్డీ ఊడదీయించి, అందరి ముందూ చుట్లు లెక్కపెట్టించాడు. రెండు వందల అరవై ఒకటి.

"డ్రాయింగులో ఎంతుంది?" అన్నాడు.

"మూడొందలు" అన్నారెవరో.

"మరి కడ్డీకి ముప్పై తొమ్మిది చుట్ల తీగ ఏమైంది?" అని చుట్టలత్త వైపు తిరిగాడు. "మూణ్ణెల్లుగా ఎన్ని కడ్డీలు చుట్టావు? ఆ తీగంతా ఏ కొట్లో తేలింది?"

అందరూ చుట్టలత్త మొహం కేసి చూశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు లెక్కలమ్మ చెయ్యి జేబురుమాలు కోసం వెతికింది. రెండు వందల అరవై ఒకటి అని రోజూ చీటీ రాసేది తనే. మూణ్ణెల్ల కిందట ఒక పొద్దున్న మూడొందల చుట్ల కడ్డీ పదిహేడు వందల వాట్లే చూపించింది. తీగ కొత్త సరుకేమో అనుకుని, విప్పించుకుంటూ పోతే రెండు వందల అరవై ఒకటి దగ్గర రెండు వేలొచ్చింది. అప్పుడే సూపర్‌వైజరుతో చెప్పింది కూడా. "రెండు వేలొస్తే చాలు, రాసి పంపు" అన్నాడు. ఇప్పుడేమో ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు.

'చీటీ ప్రకారమే చుట్టాను' అని చుట్టలత్త ఒక్క మాటంటే సరిపోయేది. ఆవిడ అనలేదు. వేలికున్న పేలిక విప్పి, మడిచి, బల్ల మీద పెట్టింది.

"బావగారూ, ఆ చీటీలు..." అంది లెక్కలమ్మ.

"ఇంట్లో బావగార్ని. ఇక్కడ సూపర్‌వైజర్ని" అన్నాడాయన. నలుగురూ నవ్వారు. "శనివారం ఓనరు పెద్దాయన వస్తున్నారు. ఆలోపు టెస్టింగు నుంచి ఒక కాగితం కావాలి. కడ్డీల్లో చుట్లు తక్కువున్నాయి, తీగ వైండింగులో పోయింది అని. నేను రాయిస్తాను, నువ్వు సంతకం పెట్టు చాలు."

ఆయన ఆమె భర్తకి అన్న. ఆమెకీ భర్తకీ ఆ షెడ్డులో పని ఇప్పించింది ఆయనే. వాళ్ళుండే రెండు గదులూ ఆయన ఇంటి వెనక భాగంలోనివే. ఆ గదులకి కరెంటు కూడా ముందింటి మీటరు నుంచే, కిటికీలోంచి లాగిన ఒక సన్నటి తీగ మీద వస్తుంది. ఆయన మాట కాదంటే ఏమేం పోతాయో లెక్కేసుకోవడానికి లెక్కలమ్మే అక్కర్లేదు.

చుట్టలత్తని పనిలోంచి తీసెయ్యలేదు, పని చెయ్యనివ్వనూ లేదు. శనివారం దాకా గేటు పక్కన స్టూలు మీద కూర్చోమన్నారు. వచ్చేపోయేవాళ్ళందరి కళ్ళూ పడేచోట, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆవిడ కూర్చుంది.

బుధవారం మధ్యాహ్నం అందరూ క్యారేజీలు పట్టుకుని చెట్టు నీడకి పోయాక లెక్కలమ్మ బల్ల దగ్గరే ఉండిపోయింది. అన్నం సయించలేదు. వెనక్కొచ్చిన హీటర్లలో ఒకదానికి కొత్త కార్డు వేసి, బల్లకి తగిలించి, స్విచ్చేసింది. కడ్డీ ఎర్రబడింది. ముల్లు లేచి పది దగ్గర నిలబడింది.

నాలుగేళ్ళలో ఆ ముల్లుని పది దగ్గర ఆమె చూడలేదు. ఆపి మళ్ళీ వేసింది. పదే. వైర్లు ఊడదీసి, బిగించి, మళ్ళీ వేసింది. పదే. ఈ హీటరు పొద్దుటి పూట ఇదే బల్ల మీద ఎనిమిది పాయింటు ఏడు చూపించి, తన సంతకంతో బయటికెళ్ళింది. పుస్తకం తిరగేస్తే దాని నంబరు ఎదురుగా తన చేత్తో రాసిన అంకె అలాగే ఉంది.

స్విచ్చి ఆపకుండా అలాగే కూర్చుంది. గంట మోగింది. జనం చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చారు. రంగు వేసిన రేకుల్ని ఎండబెట్టే పెద్ద ఓవెనుకి, అన్నాలకని ఆపినదానికి, మళ్ళీ మీట వేశారు, అది హుమ్మని మొదలుపెట్టింది. ఆమె కళ్ళ ముందే ముల్లు వెనక్కి జరిగి ఎనిమిది పాయింటు ఏడు దగ్గర ఆగింది. కడ్డీ ఎరుపు కూడా ఒక పిసరు తగ్గింది.

ఇంట్లో తోటికోడలు స్నానానికి నీళ్ళ హీటరు పెట్టిందంటే వెనక గదుల్లో బల్బు మొహం ముడుచుకుంటుంది. "అక్క స్నానానికి లేచింది" అని భర్త నవ్వుతాడు. నాలుగేళ్ళుగా రోజూ చూస్తున్నదే. అదిక్కడ ఎందుకు తట్టలేదో అని తన్ను తాను తిట్టుకుంది.

పుస్తకం అట్ట వెనక లెక్క కట్టింది. ముల్లు పదైనప్పుడు ఇరవై మూడు ఓములు. ఎనిమిది పాయింటు ఏడైతే ఇరవై ఆరున్నర. ఒకే కడ్డీకి, అన్నం తిని వచ్చేలోపు మూడున్నర ఓములు మొలుస్తాయా? తీగ మారదు. మారనిది తీగ అయితే, మారేది వోల్టులే అయి ఉండాలి. ఇరవై మూడుని ఎనిమిది పాయింటు ఏడుతో గుణించింది. రెండు వందలు. గోడలోంచి వచ్చేది ఎప్పుడూ ఇంతే అని కాగితం చెప్తున్న అంకె మూణ్ణెల్లుగా పగలంతా అక్కడ లేదు. ఆ ఓవెను వచ్చి కూడా మూణ్ణెల్లే.

అంటే మూడొందల చుట్లు మొదటి నుంచీ సరైనవే. తక్కువ వోల్టుల మీద పవరు తక్కువ చూపించిందని తనే తీగ కత్తిరింపించింది. ఆ హీటరు ఇళ్ళల్లో నిండు వోల్టుల మీద పెట్టేసరికి రెండు వేలకి బదులు రెండు వేల మూడొందల వాట్లు లాగింది. ఆ సన్నటి కార్డు ఎంతని మోస్తుంది? ముసలావిడ అరచెయ్యి గుర్తొచ్చి లెక్కలమ్మ స్విచ్చి ఆపేసింది.

గురువారం సాయంత్రం ముందింటి వసారాలో బావగారు టీ తాగుతుంటే వెళ్ళి నిలబడింది. చెప్పాల్సినదంతా ఒక్క గుక్కలో చెప్పింది. ఆయన ఆశ్చర్యపోలేదు. గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకున్నాడు.

"ఓవెనుకి వేరే లైను వెయ్యాలని దాన్ని బిగించినవాడు చెప్పాడు" అన్నాడు. "దానికో నెల పట్టేది. పెద్దాయన తొందర పెట్టారు. ఉన్న లైనుకే కలిపించేశాను."

"మరి మీకు తెలుసుగా, చుట్టలత్త తీగ ముట్టలేదని."

"నాకు తెలిసినంత మాత్రాన ఏమైంది? టెస్టింగు పుస్తకంలో మూణ్ణెల్లూ ఎవరి సంతకముంది? నాది ఒక్కటి చూపించు. రేపు ఎవరో పోలీసుల దగ్గరికెళ్తే ఆ పుస్తకమే అడుగుతారు." గొంతు పెంచలేదు, చంటిపిల్లకి అన్నం తినిపిస్తున్నట్టే చెప్పాడు. "నీ కోసమే చెప్తున్నా అమ్మాయ్. ఆవిడకి ఇంకో ఏడాదైతే ఎలాగూ కళ్ళు కనపడవు, ఇంటికెళ్ళాల్సిందే. నువ్వు పోతే వాడి ఒక్కడి జీతం మీద ఎక్కడుంటారు? ఇక్కడైతే ఉండలేరుగా."

ఆ చివరి మాట అని మళ్ళీ గ్లాసు తీసుకున్నాడు. లోపల్నించి తోటికోడలు తొంగి చూసి, "నిలబడ్డావేమే, టీ తాగుతావా?" అంది. వద్దక్కా అని వచ్చేసింది.

భర్త ప్యాకింగులో పని చేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి, అన్నయ్య ఎదురుపడితే మరీను. విన్నాడు, అట్టపెట్టె ముడి విప్పుతున్నట్టు గోళ్ళు గిల్లుకున్నాడు. "ఏం చేస్తావు?" అన్నాడు.

"ముందు నుయ్యి, వెనక గొయ్యి. మీరే చెప్పండి."

ముందింట్లో ఎవరో ఏదో స్విచ్చేశారు, గదిలో బల్బు మసకబారింది. ఆ మసకలోనే భర్త అన్నం తిన్నాడు, ఆమె కంచం ముందు కూర్చుని లేచింది.

శుక్రవారం గేటు దగ్గర చుట్టలత్త ముందునించి లోపలికెళ్ళాల్సొచ్చింది. తల వంచుకు పోదామనుకుంది.

"ఏం లెక్కలమ్మా, అన్నం మానేశావంట?" అంది ఆవిడ స్టూలు మీంచి.

"ఎవరు చెప్పారత్తా?"

"ఇక్కడ కూర్చోబెట్టారుగా, లోకమంతా నా ముందునించే పోతోంది. ఎవరు తిన్నారో, ఎవరు అరిగించుకుంటున్నారో అన్నీ తెలుస్తున్నాయి."

లెక్కలమ్మ అక్కడే ఆగిపోయింది. ఆవిడ కాళ్ళ దగ్గర గుడ్డసంచి ఉంది, చూపుడు వేలు మీద పేలిక కట్టి కట్టి పడ్డ తెల్లటి గీత ఉంది. "నువ్వెందుకు మాట్లాడలేదత్తా ఆవేళ? చీటీ సంగతి ఎందుకనలేదు?" అనడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే తనే సమాధానం చెప్పాల్సొస్తుంది. పైగా చీటీలు ఇప్పుడెక్కడున్నాయి, సాయంత్రానికి చెత్తలో ఊడ్చేసే కాగితం ముక్కలు. రుజువు లేని మాట ఎందుకని ఊరుకుని ఉంటుంది. అలా అనుకుని లెక్కలమ్మ లోపలికెళ్ళిపోయింది, అనుకున్నందుకు రోజంతా తన మీద తనకే అసహ్యమేసింది.

సాయంత్రం ఇంటికెళ్తూ వీధి చివర మోటార్లు బాగుచేసే మెకానిక్ దగ్గర ఆగింది. వోల్టులూ ఆంపియర్లూ రెండూ చూసే చేతి మీటరు ఉంటుంది అతని దగ్గర. ఒక్క పూటకి అడిగింది.

"మీది మీటర్ల కొంపేగా, నా దగ్గరికొచ్చావేంటి?" అన్నాడతను.

"మాది చచ్చిపోయింది."

"ఎప్పుడు?"

"ఆరేళ్ళయింది."

అతను పకపకా నవ్వి, గుడ్డతో తుడిచి మీటరు చేతికిచ్చాడు. "రేపు మధ్యాహ్నానికల్లా ఇచ్చెయ్యి. ఇంకెవరైనా చచ్చుంటే చెప్పు, ఒకేసారి వచ్చి చూసిపోతా" అన్నాడు. ఇంటికెళ్ళేదాకా ఆ మీటరుని కొంగు కిందే పెట్టుకుంది. ఏం చెయ్యబోతోందో అప్పటికింకా ఆమెకే తెలీదు.

శనివారం పదింటికి పెద్దాయన వచ్చాడు. షెడ్డు మధ్యలో కుర్చీ వేశారు. మాడిన హీటర్లు ఆయన కాళ్ళ ముందు. చుట్టలత్తని స్టూలు మీంచి లేపి తీసుకొచ్చి ఒక పక్కన నిలబెట్టారు, సంచి చేతిలో పట్టుకునే వచ్చింది. సూపర్‌వైజరు కాగితం చదివి, టెస్టింగు బల్ల మీద పెట్టి, పెన్ను మూత తీసి మరీ లెక్కలమ్మకిచ్చాడు.

ఆమె పెన్ను తీసుకుంది. ప్యాకింగు వైపు చూసింది, భర్త అట్టపెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళు దించుకుంటాడనుకుంది, దించుకోలేదు.

"సంతకానికి ముందు ఒక్క హీటరు చూపిస్తానండీ" అంది పెద్దాయనతో.

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మాయ్" అన్నాడు సూపర్‌వైజరు.

"చూపించనీ" అన్నాడు పెద్దాయన.

నేల మీద హీటరొకటి తీసుకుని, కార్డు మార్చి, బల్లకి తగిలించింది. కొంగు కిందనించి మెకానిక్ మీటరు తీసి వైర్లు పెట్టింది. మోచేతులు బల్లకి ఆనించుకుంది. ఓవెను నడుస్తోంది. చేతి మీటరులో రెండు వందలు. బల్ల మీది ముల్లు ఎనిమిది పాయింటు ఏడు. సంతకం పెట్టాల్సిన కాగితాన్ని తిరగేసి, వెనక వైపు ఆ రెండూ రాసింది.

"ఒక్క నిమిషం ఓవెను ఆపించండి."

సూపర్‌వైజరు కదల్లేదు. పెద్దాయన చెయ్యి ఊపాడు, ఎవరో వెళ్ళి ఆపారు. హుమ్మనే మోత ఆగిపోయింది. రెండు వందల ముప్పై. పది. అవీ రాసింది.

"రెండు వందల్ని ఎనిమిది పాయింటు ఏడుతో భాగించినా ఇరవై మూడే, రెండు వందల ముప్పైని పదితో భాగించినా ఇరవై మూడే. కడ్డీ మారలేదు, వోల్టులు మారాయి. పవరు ఇక్కడ పదిహేడు వందల నలభై. ఇళ్ళల్లో రెండు వేల మూడొందలు." టెస్టింగు పుస్తకం తెరిచి చూపించింది. "మా పుస్తకంలో రెండు వేలని ఉంటుందండీ. అంత పవరుతో ఈ హీటరు ఇక్కడా కాల్లేదు, అక్కడా కాల్లేదు. ఆ అంకె నా పుస్తకంలో మాత్రమే ఉంది."

గోరుతో మీటరు మీది కాగితం గీకి లాగింది. సగం ఊడింది. కింద ముల్లు నూట అరవై దగ్గర పడుంది.

"చుట్లు తగ్గించమని రోజూ చీటీ రాసింది నేనండీ. ఆవిడ నేను రాసినన్నే చుట్టింది. తీగ ఎవరూ తియ్యలేదు."

పెద్దాయన కాసేపు ఆ అంకెల వైపు చూశాడు. "ఓవెనుని ఈ లైనుకెవరు కలిపారు?" అన్నాడు.

సూపర్‌వైజరు ఒక అడుగు ముందుకొచ్చాడు. "అప్పుడు మీరే, వేరే లైనుకి నెల ఆగలేమన్నారండి."

పెద్దాయనకి గుర్తొచ్చినట్టుంది. మొహం మీద ఒక్క క్షణం ఏదో కదిలి, మళ్ళీ సర్దుకుంది. ఆ తర్వాత ఆ లైను మాట ఎవరూ ఎత్తలేదు. తప్పు పైకెక్కలేక కిందికి జారింది.

"సరే" అన్నాడు లేస్తూ. "వైండింగు ఆవిడ పనిలోకి రావచ్చు. అమ్మిన సరుకు వెనక్కి తెప్పించండి. మీటరు కొత్తది పెట్టండి. బల్ల దగ్గరికి ఇంకొకర్ని చూడండి, మీటరు చూడకుండా సంతకాలు పెట్టే మనిషి టెస్టింగుకి పనికిరాదు." లెక్కలమ్మ వైపు చూడకుండా, "ఈవిడకి ఇష్టమైతే వైండింగులో సాయానికి వెయ్యండి" అన్నాడు.

ఆ మాటల్లో అబద్ధమేమీ లేదు, అదే ఆమెకి గుచ్చుకుంది. సూపర్‌వైజరు సూపర్‌వైజరుగానే ఉన్నాడు. పెద్దాయన వెనకాలే గేటు దాకా నడుస్తూ, ఆమె పక్కనించి పోయేటప్పుడు, "సోమవారానికి గదులు ఖాళీ కావాలి" అన్నాడు మెల్లగా.

చేతులు కడుక్కునే కుళాయి దగ్గర లెక్కలమ్మ వేళ్ళకంటిన జిగురు రుద్దుకుంటోంది. అది వదలదు, ఆరేళ్ళ నాటి జిగురు. చుట్టలత్త వచ్చి పక్కన నిలబడి, గుడ్డసంచిలో చెయ్యి పెట్టి ఒక తీగ కొక్కెం తీసింది. హీటరు తీగే, పనికిరాని ముక్క. దాని నిండా చీటీలు, ఒకదాని మీద ఒకటి గుచ్చి, జానెడు మందాన. పై చీటీ మీద 261, కింద లెక్కలమ్మ సంతకం.

లెక్కలమ్మకి చేతుల మీద నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"అన్నీ దాచావా?"

"చదువు రానిదాన్ని, రేపెవరైనా అడిగితే నోటితో చెప్తే నమ్ముతారా? ఇరవై ఏళ్ళుగా దాస్తున్నా. పాతవి ఇంట్లో ఉన్నాయి."

"మంగళవారమే చూపించి ఉంటే నిన్ను నాలుగు రోజులు గేటు దగ్గర కూర్చోబెట్టేవాళ్ళు కాదుగా అత్తా."

"చూపిస్తే తప్పు నీదయ్యేది. నువ్వే చెప్తావేమో, శనివారం దాకా చూద్దామనుకున్నా." ఆవిడ కుళాయి కట్టేసింది. "పెన్ను తీసుకున్నావు చూడూ, అప్పుడు సంచిలో చెయ్యి పెట్టాను."

నాలుగు రోజులుగా అన్నం మానేసి, రెండు దారులే ఉన్నాయని ఆమె కట్టుకున్న లెక్కలో ఈ సంచి లేదు. సంతకం పెట్టి ఉంటే బల్లా పోయేది, గదులూ పోయేవి, ఈవిడ మొహం చూసే మొహమూ పోయేది.

"ఎటు చూసినా తప్పు నాదే అయింది అత్తా" అంది.

"అయింది మరి" అంది చుట్టలత్త. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది, లెక్కలమ్మకి నవ్వులోనే ఏడుపొచ్చింది. ఆవిడ కొక్కెం మళ్ళీ సంచిలో పెట్టేసుకుంది. ఇవ్వలేదు.

గేటు దగ్గర భర్త రెండు క్యారేజీలూ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "అన్నయ్య వెళ్ళిపోయాడు" అన్నాడు. ఒక క్యారేజీ ఆమె చేతికిచ్చి, "ప్యాకింగులో ఒకతన్ని గది ఉందేమో అడిగాను. ఒకటే గదట, కిటికీ లేదట" అన్నాడు.

"మీటరు?"

"విడిగా ఉందంట."

మెకానిక్‌కి మీటరు ఇచ్చేసి వెళ్దామంది. నడవబోతుంటే వెనకనించి చుట్టలత్త పిలిచింది.

"సోమవారం వేలికి గుడ్డపేలిక తెచ్చుకో" అంది. "నాది ఒక్కటే ఉంది. తీగ కోస్తుంది."